తుపాను వేళ విచారణ గురువు

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం సమీపంలో మన తీరాన్ని దాటింది. మన గడియారం ప్రకారం అదే రాత్రి, భూగోళానికి అవతలి వైపున మెలిస్సా అనే పెను తుపాను జమైకా ద్వీపం మీద విరుచుకుపడింది. వారం తిరిగేసరికి, నవంబరు 4న, కల్మేగి తుపాను ఫిలిప్పీన్స్‌లోని సెబూ ద్వీపాన్ని వరదలో ముంచింది. ఆ దేశంలో 200 మందికి పైగా చనిపోయారు. గాలి వేగం ఎంత, ఎన్ని ఇళ్లు కూలాయి, ఎంత పంట పోయింది అనే లెక్కలన్నీ పత్రికల్లో చదివాం. అవి కావలసిన లెక్కలే. అయితే దేవుని మందను కాయడానికి పిలుపు పొందిన మనం అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది. ఆ గాలిలో, ఆ నీళ్లలో, ఆ ఊరి కాపరి ఏం చేశాడు? తెల్లవారి లేచి ఎవరింటికి వెళ్లాడు? ఎవరి పేర్లు పిలిచాడు?

ఈ ప్రశ్నకు జవాబు కోసం ఈ వారం మన కేథలిక్ సోదరుల వైపు చూద్దాం. మరియమ్మ విషయంలో, పోప్ అధికారం విషయంలో, సంస్కారాల సంఖ్య విషయంలో వారికీ మనకూ తేడాలున్నాయి. ఆ తేడాలు చిన్నవని మేము చెప్పబోవడం లేదు. అయితే తుపాను వచ్చిన ఊళ్లో ఒక కేథలిక్ ఫాదర్ గడిపే రోజును దగ్గరగా చూస్తే, మనం పోగొట్టుకున్నదేదో అక్కడ కనబడుతుంది.

విచారణ అనే మాట

మనం ‘సంఘం’ అనే చోట తెలుగు కేథలిక్కులు ‘విచారణ’ అంటారు. ఇంగ్లిష్ వారి పారిష్‌కు అది తెలుగు పేరు. ఆ విచారణకు నియమితుడైన ఫాదర్‌ను ‘విచారణ గురువులు’ అంటారు. ఈ మాట పెట్టిన పెద్దలెవరో గాని ఎంతో ఆలోచించి పెట్టారు. మన పల్లెల్లో ‘ఆ ముసలమ్మను విచారించేవాళ్లు ఎవరూ లేరు’ అంటే, తిన్నావా, పడుకున్నావా అని అడిగేవారు లేరని అర్థం. విచారించడమంటే ఆ అడగడమే. మన తెలుగు బైబిలులో కూడా పేతురు మొదటి పత్రిక 5వ అధ్యాయంలో పెద్దలకు అప్పగించిన పనికి ‘పైవిచారణ’ అనే మాటే వాడారు. అంటే ఈ మాట వారిది మాత్రమే కాదు, మనది కూడా.

కేథలిక్ విచారణకు సాధారణంగా ఎల్లలుంటాయి. ఈ కాలువ దగ్గర నుంచి ఆ రోడ్డు దాకా అని గీత గీసినట్టు ఉంటుంది. ఆ ఎల్లల లోపల ఉన్న విశ్వాసులందరూ, గుడికి వచ్చినా రాకపోయినా, ఆ గురువు పూచీ. 1983లో వెలువడిన వారి సంఘ ధర్మశాస్త్రం ఈ పూచీని వివరంగా రాసింది. విచారణ గురువు దేవాలయానికి దగ్గరలోని నివాసంలోనే ఉండాలి. సంవత్సరానికి నెల రోజులకు మించి సెలవు తీసుకోకూడదు. వారం దాటి ఊరు విడిచి వెళ్లాలంటే బిషప్‌కు తెలియజేయాలి. తన ప్రజలను ఎరిగి ఉండాలి, వారి ఇళ్లకు వెళ్లాలి, వారి దుఃఖంలో పాలు పంచుకోవాలి, రోగులను, ముఖ్యంగా మరణానికి దగ్గరలో ఉన్నవారిని, ఆదుకోవాలి. ప్రతి ఆదివారం తన ప్రజలందరి కోసం పూజ చేయాలి, దానికి ఎవరి దగ్గరా కానుక పుచ్చుకోకూడదు. బాప్తిస్మాలు, వివాహాలు, మరణాలు రిజిస్టర్లలో రాసి భద్రపరచాలి.

మామూలు రోజుల్లో ఇవి పొడిపొడి నిబంధనల్లా కనిపిస్తాయి. తుపాను రోజున వీటిలో ప్రతిదానికీ ప్రాణం వస్తుంది.

2013 నవంబరు 8

ఫిలిప్పీన్స్‌లో ప్రతి ఐదుగురిలో దాదాపు నలుగురు కేథలిక్కులు. ఏటా 20 దాకా తుపాన్లు ఆ దేశపు సముద్ర పరిధిలోకి వస్తాయి, వాటిలో ఎనిమిదో తొమ్మిదో తీరాన్ని తాకుతాయి. కాబట్టి అక్కడి విచారణ గురువుకు తుపాను వింత కాదు, సంవత్సరంలో ఒక కాలం. అయినా 2013 నవంబరు 8, శుక్రవారం నాడు వచ్చింది అలాంటిది కాదు. ప్రపంచమంతా దాన్ని హయాన్ అంది, ఫిలిప్పీన్స్ ప్రజలు యొలాండా అన్నారు. గంటకు 300 కిలోమీటర్లు దాటిన గాలులతో అది తెల్లవారుజామున 4.40 గంటలకు సమార్ ద్వీపంలోని గివాన్ పట్టణాన్ని తాకింది. ఏడు గంటల వేళకు లేటె ద్వీపానికి చేరింది. టక్లోబాన్ నగరంలోకి సముద్రం 5 మీటర్లకు పైగా లేచి వచ్చింది. ప్రభుత్వ లెక్క ప్రకారం 6,300 మంది చనిపోయారు, వెయ్యి మందికి పైగా ఆచూకీ లేకుండా పోయారు. 40 లక్షల మంది ఇళ్లు విడిచారు.

ఆ ప్రాంతం పాలో అగ్రపీఠం కిందికి వస్తుంది. పాలోలోని ప్రధాన దేవాలయం 1944లో అమెరికా సేనలు లేటెలో దిగినప్పుడు యుద్ధ క్షతగాత్రులకు ఆస్పత్రి అయింది. 2013లో ఆ దేవాలయం పైకప్పును గాలి ఎత్తుకుపోయింది. గివాన్‌లో స్పెయిన్ వారి కాలం నాటి రాతి దేవాలయం కూలింది. గురువులు కావడానికి యువకులు చదువుకునే సెమినరీ కూడా దెబ్బతిన్నది. అంటే ఆ ఉదయం విచారణ గురువు కూడా బాధితుడే. అతని ఇల్లూ పోయింది, గుడీ పోయింది, పుస్తకాలూ పోయాయి. ఆదుకోవలసినవాడికే ఆసరా లేదు. అతని రోజు అక్కడి నుంచి మొదలవుతుంది.

ముందు రోజు పని

నిజానికి కాపరి పని తుపాను రోజున కాక ముందు రోజునే మొదలు కావాలి. నవంబరు 7 సాయంత్రం ఆ దేశ అధ్యక్షుడు టెలివిజన్‌లో ప్రజలను హెచ్చరించారు. వాతావరణ శాఖ కూడా చెప్పింది. ‘స్టార్మ్ సర్జ్’ వస్తుంది, అలలు చాలా ఎత్తున లేస్తాయని చెప్పారు. ప్రజలు విన్నారు, కాని అర్థం చేసుకోలేదు. తర్వాత బతికి బయటపడినవారు చాలామంది ఒకే మాట అన్నారు. ‘సునామీ వస్తుందని చెప్పి ఉంటే పారిపోయేవాళ్లం, ఈ మాటేమిటో మాకు తెలియలేదు’ అన్నారు. ఒక్క మాట అర్థం కాకపోవడం వల్ల ఎన్నో ప్రాణాలు పోయాయి. పునరావాసం కోసం పెట్టిన కొన్ని భవనాల్లోకే నీళ్లు దూసుకువచ్చి, క్షేమమని నమ్మి అక్కడ చేరినవారే మునిగిపోయారు.

ఇక్కడ ఒక చరిత్ర చెప్పాలి. ఆసియా ఖండపు ఈ తూర్పు అంచున తుపాను హెచ్చరికలు మొదలుపెట్టినవారు కేథలిక్ గురువులే. 1865లో యేసు సభ గురువులు మనీలా నగరంలో వాతావరణ పరిశోధనశాల స్థాపించారు. అక్కడ ఫాదర్ ఫెడెరికో ఫౌరా 1879 జూలై 7న తుపాను రాబోతోందని మొదటి హెచ్చరిక ప్రకటించారు. అంతకు నాలుగేళ్ల ముందే, 1875లో, క్యూబాలోని హవానాలో ఫాదర్ బెనీతో వీన్యెస్ అదే పని చేశారు. ఉదయం పూజ ముగించి భారమితి దగ్గరికి వెళ్లి పాదరసం ఎంత దిగిందో చూసుకోవడం ఈ గురువుల దినచర్య. మేఘాలు ఏ దిక్కున కదులుతున్నాయో రాసుకోవడం, ఓడలవారికి కబురు పంపడం కూడా వారి పరిచర్యలో భాగమే. ప్రార్థన చేసే మనిషి పరికరం చూడకూడదని వారు అనుకోలేదు.

1897 అక్టోబరులో సమార్, లేటె ద్వీపాల మీద ఇలాంటి తుపానే వచ్చి సముద్రాన్ని ఊళ్ల మీదికి తోసింది. మనీలా పరిశోధనశాలలోని ఫాదర్ హోసె అల్గె దాని గురించి పుస్తకం రాశారు. ఆ పుస్తకం గ్రంథాలయంలో ఉండిపోయింది. 116 సంవత్సరాల తర్వాత అదే తీరంలో అదే సముద్రం లేచి వచ్చినప్పుడు ఊరి జ్ఞాపకంలో ఆ సంగతి లేదు, నోటిలో ఆ మాట లేదు.

మనకు ఆ మాట ఉంది. అదే ఉప్పెన. 1864 నవంబరు 1న బందరును ముంచి సుమారు 30 వేల మందిని పొట్టన పెట్టుకున్నది ఉప్పెన. 1977 నవంబరు 19న దివిసీమలో పదివేల మందికి పైగా ప్రాణాలు తీసింది ఉప్పెన. తీరంలో ముసలమ్మ నోట ఆ మాట వస్తే పిల్లలు కూడా నిశ్శబ్దమైపోతారు. అధికారి ప్రకటనలో ‘అలల ఉద్ధృతి ఇన్ని మీటర్లు’ అని ఉంటే, దాన్ని ‘అమ్మా, ఉప్పెన వస్తుంది, లేవండి’ అని చెప్పగలిగినవాడు నిజమైన ప్రసంగీకుడు. మన ప్రసంగాలన్నింటికీ ఇది వర్తిస్తుంది. వినేవారికి తెలియని మాట ఎంత సత్యమైనా వారిని రక్షణకు నడిపించదు. తుపాను రోజున ఆ సంగతి శవాల లెక్కలో బయటపడుతుంది.

ఆ రోజూ, ఆ తర్వాతా

గాలి ఆగిన తర్వాత విచారణ గురువు మొదట వెదికేది మనుషులను. వారి విశ్వాసం ప్రకారం రోగి అభ్యంగనం బతికి ఉన్నవారికే ఇవ్వాలి, చనిపోయినవారికి ఇవ్వరు. అందుకే ఆ గురువు నూనె చేతబట్టుకుని పరుగెత్తాలి, ఆలస్యం చేయడానికి వీలుండదు. చావు ముంచుకొస్తున్నప్పుడు ఒక్కొక్కరి పాపపు ఒప్పుకోలు వినే వ్యవధి లేకపోతే, అక్కడున్న అందరికీ కలిపి పాపక్షమాపణ పలకడానికి వారి ధర్మశాస్త్రం అనుమతి ఇస్తుంది. పాపక్షమాపణ గురువు ద్వారా రావాలని మనం నమ్మం. కాని చనిపోబోయే మనిషి దగ్గర ఎవరో ఒకరు మోకరించి ఉండాలనీ, క్షమాపణ మాట అతని చెవిన పడాలనీ మనమూ నమ్ముతాం గదా. యాకోబు పత్రిక 5వ అధ్యాయం రోగి దగ్గరికి సంఘ పెద్దలను పిలిపించమని చెబుతుంది, నూనె రాసి ప్రార్థించమని చెబుతుంది. అది మన బైబిలులో కూడా ఉంది.

తర్వాత శవాలు. పాలో పట్టణంలోని శాన్ హోకీన్ విచారణ దేవాలయం ముందున్న ఖాళీ స్థలం సామూహిక సమాధి అయింది. గుడి గుమ్మం ముందే గోతులు తవ్వి, ఆ ఊరివారిని అక్కడే పాతిపెట్టి చెక్క సిలువలు నాటారు. ఆ విచారణవారు ఆదివారం ఆరాధనకు వెళ్లాలంటే తమవారి సమాధుల పక్క నుంచే నడిచి వెళ్లాలి. టక్లోబాన్ శివార్లలోని బాస్పర్ దగ్గర కూడా పెద్ద సామూహిక సమాధి ఉంది, వరుసలుగా తెల్ల సిలువలున్నాయి. గుర్తు పట్టడానికి వీల్లేని శరీరాల మధ్య గురువు చేయగలిగింది ఏమిటి? తెలిసిన పేరు పలకడం, తెలియని వారి కోసం పేరు లేకుండానే ప్రార్థించడం. ఆ పని రోజుల తరబడి చేయాలి. అందులో గొప్ప ప్రసంగానికి చోటు లేదు.

ఇక తలదాచుకున్న జనం. టక్లోబాన్‌లో రిడెంప్టరిస్టు గురువుల దేవాలయంలో వందల మంది నెలల తరబడి ఉన్నారు. బల్లల మధ్య చాపలు పరిచారు, పిల్లలు అక్కడే నిద్రపోయారు. గుడిలో మనుషులు కాపురం ఉంటే విచారణ గురువు దినచర్య ఎలా మారుతుందో ఊహించండి. తెల్లవారగానే నీళ్ల సంగతి చూడాలి. బియ్యం ఎంత వచ్చింది, ఎంతమందికి సరిపోతుందో లెక్కపెట్టాలి. మరుగుదొడ్లు ఏర్పాటు చేయాలి. గర్భిణి ఎక్కడ పడుకుంటుంది, వయసొచ్చిన ఆడపిల్లలకు మరుగు ఎక్కడ అని చూడాలి. తగవులు తీర్చాలి. ఈ మధ్యలో నిర్ణీత వేళల్లో కీర్తనలు చదివి ప్రార్థించే నియమం ఉండనే ఉంది.

రిజిస్టర్ల సంగతి కూడా చిన్నది కాదు. ఇల్లు కొట్టుకుపోయినవారికి కాగితం కూడా మిగలదు. ఆ దేశంలో బాప్తిస్మ పత్రం కూడా మనిషి పుట్టుకకు ఒక ఆధారంగా చెల్లుతుంది. కాబట్టి విచారణ రిజిస్టరు తడవకుండా దక్కితే, సాయం కోసం వరుసలో నిలబడ్డ ఒక తల్లి తన బిడ్డకు తానే తల్లినని చూపించుకోగలదు. పేర్లు రాసి దాచడం గుమాస్తా పని అనుకుంటాం. మంచి కాపరి తన గొర్రెలను పేరు పెట్టి పిలుస్తాడని యోహాను సువార్త 10వ అధ్యాయం చెబుతోంది. ఆ రిజిస్టరు ఆ పిలుపుకు సంబంధించినదే.

ఆ తర్వాతి ఆదివారాల్లో పైకప్పు లేని దేవాలయాల్లోనే పూజలు జరిగాయి. వర్షం పడితే తడుస్తూనే నిలబడ్డారు. డిసెంబరు 16 నుంచి 24 దాకా తొమ్మిది రోజులు తెల్లవారుజామున క్రిస్మస్ పూజలు జరపడం ఆ దేశంలో ఆచారం, దాన్ని సింబాంగ్ గబి అంటారు. ఆ సంవత్సరం కూడా అది ఆగలేదు.

మౌనంగా ఉండవలసిన చోట

మేము సెమినరీలో వేదాంతం చదివే రోజుల్లో, దేవుడు మంచివాడైతే లోకంలో ఇంత బాధ ఎందుకు అనే ప్రశ్న మీద లావుపాటి పుస్తకాలు చదివాం. ఆ చదువు వ్యర్థం కాదు. అయితే శవం పక్కన కూర్చున్న తల్లికి ఆ పుస్తకాల్లోని జవాబు ఏదీ పనికిరాదు. 2015 జనవరి 17న అప్పటి పోప్ ఫ్రాన్సిస్ టక్లోబాన్ వచ్చారు. ఆ రోజు కూడా మరో తుపాను గాలి వీస్తోంది, వాన కురుస్తోంది. అందరిలాగే ఆయనా పసుపు రంగు రెయిన్‌కోటు వేసుకున్నారు. రాసుకొచ్చిన ప్రసంగాన్ని పక్కన పెట్టి, తన మాతృభాష స్పానిష్‌లో మాట్లాడారు. సర్వం పోగొట్టుకున్నవారికి ఏం చెప్పాలో తనకు తెలియడం లేదని, మౌనంగా వారి వెంట నడవడమే తాను చేయగలదని చెప్పారు. సిలువ వేయబడిన క్రీస్తు వైపు చూపించారు. తుపాను తీవ్రమవుతుండటంతో పర్యటన కుదించుకుని ముందే తిరిగి వెళ్లవలసి వచ్చింది.

ఇక్కడ మన ప్రొటెస్టెంట్ ప్రసంగ వేదికలకు ఒక పాఠముంది. తుపాను వచ్చిన ప్రతిసారీ మనలో కొందరు రెండు మాటలు చెబుతారు. ఒకటి, ఆ ఊరి పాపం వల్లే తుపాను వచ్చిందనడం. రెండవది, ప్రార్థన వల్ల మా మందిరానికి ఏమీ కాలేదనడం. ఈ రెండూ ప్రమాదకరమైనవే. సిలోయము గోపురం కూలి 18 మంది చనిపోయినప్పుడు, వారు మిగతావారి కంటే పాపులా అన్న ప్రశ్నను ప్రభువే తోసిపుచ్చాడని లూకా 13వ అధ్యాయంలో చదువుతాం. ఇక మా మందిరం నిలిచిందని చెప్పేవారు, పక్క వీధిలో కూలిన మందిరం వారి విశ్వాసం తక్కువని చెప్పినట్టే గదా. యోబు పిల్లలు చనిపోయింది కూడా పెనుగాలికి ఇల్లు కూలి. స్నేహితులు వచ్చి ఏడు దినాలు నేల మీద అతనితో కూర్చుని ఏమీ మాట్లాడలేదు. వారు చేసిన మంచి పని ఆ ఏడు దినాలదే. నోరు తెరిచి కారణాలు చెప్పడం మొదలుపెట్టాక దేవుని కోపానికి గురయ్యారు.

ఓడలో పౌలు

కాపరి తుపానులో ఎలా ఉండాలో బైబిలులో చూడాలంటే అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం తెరవాలి. క్రేతు దగ్గర ఊరకులోను అనే పెనుగాలి ఓడను పట్టుకుంది. పద్నాలుగు రాత్రులు అద్రియ సముద్రంలో కొట్టుకుపోయారు. ఆ ఓడలో పౌలు బందీ, అతనికి ఏ అధికారమూ లేదు. అయినా అతను ఏం చేశాడో వరుసగా చూడండి. బయలుదేరక ముందే ఈ ప్రయాణం ప్రమాదమని హెచ్చరించాడు. వారు వినలేదు. వినలేదని వారిని విడిచిపెట్టలేదు. ఒక్క ప్రాణం కూడా పోదని ధైర్యం చెప్పాడు. నావికులు పడవ దించుకుని దొంగచాటుగా పారిపోబోతే, వారు ఓడలో ఉంటేనే అందరూ బతుకుతారని శతాధిపతికి చెప్పాడు. ఏమీ తినక నీరసించినవారిని తినమని బతిమాలాడు. అందరి ఎదుట రొట్టె పట్టుకుని దేవునికి కృతజ్ఞతలు చెప్పి తాను ముందు తిన్నాడు. ఓడలో ఎంతమంది ఉన్నారో కూడా ఆ అధ్యాయంలో లెక్క ఉంది, 276 మంది. వారిలో ఎక్కువమంది అన్యులు, సైనికులు, ఖైదీలు. పౌలు వారిని విడదీసి చూడలేదు. ఆ ఓడంతా అతని విచారణే అయింది.

ఉండిపోవడం గురించి ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. 1900 సెప్టెంబరు 8న అమెరికాలోని గాల్వెస్టన్ నగరాన్ని తుపాను ముంచినప్పుడు సముద్రం ఒడ్డున కేథలిక్ మఠకన్యల అనాథాశ్రమం ఉంది. పదిమంది మఠకన్యలు పిల్లలను బట్టలారేసే తాళ్లతో తమ నడుములకు కట్టుకున్నారు, ఒక్కరినీ వదలకూడదని. ఆ పదిమందీ, 90 మంది పిల్లలూ చనిపోయారు. ముగ్గురు అబ్బాయిలు మాత్రమే బతికారు. ఆ ప్రేమను తక్కువ చేసి మాట్లాడే అర్హత మనకెవరికీ లేదు. అయితే ఇప్పుడు మనకు ఉపగ్రహాలున్నాయి, రోజుల ముందే హెచ్చరిక ఉంది. ఇప్పుడు కాపరి తాడు కట్టవలసింది నీళ్లు వచ్చాక కాదు, రెండు రోజుల ముందు, అందరినీ మెరకకు తీసుకువెళ్లడానికి. దేవుని మందిరం గనుక కూలదని నమ్మి జనాన్ని తీరంలోని మందిరంలో ఉంచడం విశ్వాసం కాదు, దేవుణ్ణి శోధించడమే. ముందుగా ఖాళీ చేయించడం వల్లే మన తీరంలో మరణాలు తగ్గాయి. 1977లో పదివేలకు పైగా, 1990 మే తుపానులో వెయ్యికి అటూ ఇటూ, 2014 అక్టోబరు 12న విశాఖపట్నాన్ని హుద్‌హుద్ తాకినప్పుడు వందలోపు. హెచ్చరిక మోసుకెళ్లిన ప్రతి మనిషిలోనూ దేవుడు పని చేశాడని మేము నమ్ముతున్నాం.

మన సంఘాల సంగతి

ఇక మన దగ్గరికి వద్దాం. మన సంప్రదాయంలోనూ ఊరిని అంటిపెట్టుకున్న కాపరులున్నారు. రాబర్ట్ నోబుల్ 1841లో బందరు వచ్చారు, 1843లో పాఠశాల తెరిచారు. ఒక్కసారి కూడా స్వదేశానికి తిరిగి వెళ్లకుండా 1865లో అక్కడే కన్నుమూశారు. 1864 ఉప్పెన చూసిన ఊరు అది. 1977 తర్వాత కాసా వంటి క్రైస్తవ సంస్థలు మన తీరంలో తుపాను షెల్టర్లు కట్టించాయి. ఈ వారసత్వం మనది.

కాని నేడు మన సంఘాల్లో ఎక్కువ భాగం ఎల్లలు లేని సంఘాలు. ఒకే వీధిలో నాలుగు మందిరాలుంటాయి. ఒక్కో మందిరానికి నాలుగు దిక్కుల నుంచి, ఇరవై కిలోమీటర్ల దూరం నుంచి కూడా విశ్వాసులు వస్తారు. పాస్టరుగారి ఇల్లు మరో చోట. ఆదివారం అందరూ కలుస్తారు, సోమవారం ఎవరి దిక్కున వారు. ఈ స్వేచ్ఛలో మంచి ఉంది, నచ్చిన వాక్యం వినవచ్చు. కాని తుపాను రాత్రి మందిరం పక్కనే ఒంటరిగా ఉండే వృద్ధురాలు ఎవరి పూచీ? ఆమె మా సంఘస్థురాలు కాదు అంటాం. ఆమె వెళ్లే సంఘం పాస్టరు అక్కడ ఉండడు. సాయం పంచేటప్పుడు కూడా మావారి జాబితా వేరు, వారి జాబితా వేరు. ఆమె హిందువైతే, ముస్లిమైతే ఏ జాబితాలోనూ ఉండదు. మంచి సమరయుని కథలో దారిన పడి ఉన్నవాడిది ఏ సమాజమందిరమో ఎవరూ అడగలేదని మరచిపోతాం.

కాబట్టి ప్రతి సంఘం తన మందిరం చుట్టూ ఒక ఎల్ల గీసుకోవాలి. అది మన సభ్యత్వానికి కాదు, మన పూచీకి. ఆ ఎల్ల లోపలి ఇళ్లన్నీ మన విచారణ. ఒక పుస్తకం పెట్టండి. ఒంటరిగా ఉన్న వృద్ధులు, మంచం పట్టినవారు, గర్భిణులు, నడవలేనివారు, చేపల వేటకు వెళ్లేవారి ఇళ్లు, రోజూ మందు వేసుకోవలసినవారు, వీరందరి పేర్లు, దగ్గరి బంధువుల ఫోను నంబర్లు అందులో రాయండి. ఏటా సెప్టెంబరులో, తుపాన్ల కాలానికి ముందు, ఆ పుస్తకం సరిచూడండి. దాని నకలు ఒకటి మెరక ప్రాంతంలోని సహోదరుల దగ్గర ఉంచండి. ఎవరి తలుపు ఎవరు తట్టాలో పేరు పేరునా యువకులకు అప్పగించండి. మందిరం సముద్రానికి, కాలువకు ఎంత దూరంలో ఉంది, ఎంత ఎత్తులో ఉంది, కప్పు గాలికి ఆగుతుందా అని ఇంజినీరును పిలిచి చూపించండి. ఆగదని తేలితే, అది తలదాచుకునే చోటు కాదని ప్రసంగ వేదిక నుంచే చెప్పండి. పక్క వీధి పాస్టరుగారితో, ఆ ఊరి ఫాదర్‌గారితో కూర్చుని ఎల్లలు పంచుకోండి. వేదాంత భేదాలు అందుకు అడ్డం రావు.

ఒక మాట సంఘస్థులతో కూడా చెప్పాలి. కేథలిక్ గురువుకు భార్యాపిల్లలు లేరు, అతను ఉండిపోవడం కొంత సులువని మనం అనవచ్చు. ఒంటరితనం సులువు కాదు గాని, ఆ మాటలో కొంత నిజముంది. మన పాస్టరుగారికి కుటుంబం ఉంది. చిన్నపిల్లలను ఇంట్లో వదిలి ఆయన ఊరంతా తిరగాలని కోరడం న్యాయం కాదు. తుపాను హెచ్చరిక రాగానే మొదట పాస్టరుగారి భార్యాపిల్లలను మెరకకు చేర్చే పూచీ సంఘ పెద్దలు తీసుకోవాలి. అప్పుడు ఆయన నిశ్చింతగా మీ తలుపు తట్టగలడు. కాపరిని విచారించేవారు లేని చోట విచారణ ఎక్కువ కాలం నిలవదు.

సముద్రాలు వేడెక్కుతున్నాయని, పెను తుపాన్లు మరింత బలంగా వచ్చే అవకాశం ఉందని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. మన తీరానికి మళ్లీ హెచ్చరిక వస్తుంది. ఆ వారం ఆదివారం ఆరాధన ముగిశాక ఆశీర్వచనానికి ముందు ఆ పుస్తకం తెరవండి, పేర్లు చదవండి. ఒక్కో పేరుకు ‘నేను వెళతాను’ అని ఒకరు లేచి నిలబడాలి. ఎవరూ లేవని పేరు ఉంటే, ఎవరో ఒకరు లేచే దాకా ఆశీర్వచనం ఆపండి. ఉప్పెన రోజున ఓడలోనివారినందరినీ ఒడ్డు చేర్చిన దేవుడు మన తీరాన్నీ, దాని కాపరులనూ కాపాడును గాక. ఆమేన్.